మీకు తెలుసా? గింజ గ్రేటు దగ్గర కూడా జారిపోతుంది!

మొక్కజొన్న కోసిన కంబైన్ హార్వెస్టర్ వెనక చదరపు అడుగుకు సగటున రెండు గింజలు కనిపిస్తే, ఎకరాకు ఒక బుషెల్, అంటే 25 కిలోల పైచిలుకు, నేలపాలైనట్టే!

1977లో అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తెచ్చిన యాక్సియల్ ఫ్లో కంబైన్‌లో నూర్పిడి, గింజ వేరుచేయడం రెండూ ఒక్క పొడవాటి రోటరు పనే. రోటరు కింద ముందుండే వంపు జాలీల (కాన్‌కేవుల) దగ్గరే చాలామటుకు గింజ రాలిపోతుంది. గడ్డిలో చిక్కుకున్న మిగతా గింజ వెనకనున్న సెపరేటర్ గ్రేట్ల సందుల్లోంచి పడాలి. అసలు తంటా అక్కడే. గ్రేటు లోపలివైపు మరీ నున్నగా ఉంటే పచ్చిగడ్డి చాపలా చుట్టుకుని, గింజను కడుపులో పెట్టుకునే బయటికి జారిపోతుంది. అందుకని కొందరు రైతులు లోపలివైపు చదరపు ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేయిస్తారు. వాటి అంచులకు తగిలి గడ్డి పొర్లుతుంది, విడిపోతుంది, గింజ కిందికి దిగుతుంది.

అలాగని ఎడాపెడా కడ్డీలు బిగించకూడదు. ఎండుగడ్డి తునకలై జల్లెడల మీద పేరుకుంటుంది, ఇంజిన్‌కూ బరువే. వెల్డింగ్ షాపుకు వెళ్లేముందు రోటరు వేగం, కాన్‌కేవ్ సందు సరిచూసుకోవాలి. చాలాసార్లు ఖర్చులేకుండా అక్కడే పనైపోతుంది.