మీఠో లీమడో అంటే మన కరివేపాకే

ఇంట్లో బదిలీ ఆర్డరు వచ్చిందంటే మనకు బడి మారుతుంది, స్నేహితులు మారతారు, కూరగాయల పేర్లూ మారిపోతాయి. సూరత్‌లో తోపుడు బండిని ‘లారీ’ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు కంగారు పడకండి! ఆ లారీ దగ్గర నిలబడి ‘కరివేపాకు’ అంటే అర్థం కాదు. ‘మీఠో లీమడో’ అనాలి. లీమడో అంటే వేప, మీఠో అంటే తియ్యనిది. అసలు వేపను ‘కడవో లీమడో’, అంటే చేదు వేప అంటారు.

ఇందులో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. మన ‘కరివేపాకు’లోనూ వేప ఉంది కదా! ఒకరినొకరు అడగకుండానే రెండు భాషలవాళ్లూ ఈ మొక్కను వేపకు చుట్టం చేసేశారు. కారణం ఆకు. రెండింటిలోనూ ఒకే ఈనెకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు వరుసగా ఉంటాయి. మనం ఒక రెబ్బ అనుకునేది నిజానికి ఒకే ఆకు. దాన్ని సంయుక్త పత్రం అంటారు, అందులోని చిన్న ఆకులు పత్రకాలు.

అయితే ఈ చుట్టరికం నిజమేనా? రెండు రెబ్బలు తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. వేప పత్రకం కొడవలిలా కాస్త వంగి ఉంటుంది, అంచున రంపపు పళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. కరివేప పత్రకాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే సూది మొనంత చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. పోపులో వేయగానే ఇల్లంతా వచ్చే వాసన వాటిదే. అలాంటి చుక్కలే నిమ్మాకులో, నారింజ ఆకులో, మారేడు దళంలో ఉంటాయి. అందుకే శాస్త్రవేత్తలు కరివేపను నిమ్మ కుటుంబమైన రూటేసీలో పెట్టారు. వేపది మీలియేసీ కుటుంబం. దాని పువ్వులో కేసరాలన్నీ కలిసిపోయి చిన్న గొట్టంలా ఉంటాయి. ఉగాది పచ్చడికి పువ్వు దులిపేటప్పుడు భూతద్దం ఉంటే చూడండి.

అలాగని పాతకాలం వాళ్లు పూర్తిగా పొరబడలేదు. వర్గీకరణలో జాతి, ప్రజాతి, కుటుంబం, క్రమం అని ఒకదానికంటే ఒకటి పెద్ద గుంపులు ఉంటాయి. కుటుంబాలు వేరైనా వేప, కరివేప ఒకే క్రమంలో ఉన్నాయి. దాని పేరు సాపిండేలిస్. మన తలంటుకు వాడే కుంకుడు ప్రజాతి సాపిండస్ నుంచి ఆ పేరు వచ్చింది. మామిడి కూడా అందులోదే. అంటే వేప, కరివేప అన్నదమ్ములు కాకపోయినా దూరపు బంధువులే.

ఊరికో పేరు ఉంటే చిక్కని స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ 1753లో మొక్కలన్నిటికీ రెండు మాటల పేర్లు వాడాడు. మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. వేప అజాడిరక్టా ఇండికా. కరివేప ముర్రయా కోనిగీ. ఈ ‘కోనిగీ’ ఎవరో తెలుసా? లిన్నేయస్ శిష్యుడు కోనిగ్. 1768లో వైద్యుడిగా తమిళ తీరంలోని ట్రాంక్విబార్‌కు వచ్చి, మొక్కలు సేకరిస్తూ తిరిగాడు. 1785లో మన కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో చనిపోయాడు. అప్పట్లో సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ తన పుస్తకాల్లో మొక్కల తెలుగు పేర్లు కూడా రాసి పెట్టాడు. పరాయి ఊరికి వెళ్లినా అక్కడి పేరు అడిగి తెలుసుకోవడం మనలాంటి బదిలీ పిల్లలకు కొత్త కాదు.

చలికాలంలో సూరత్ బజారునిండా కనిపించే పాపడి కూడా ఇలాంటిదే. ఉత్తరాయణ్ పండక్కి ఊంధియులో వేసే ఆ సూర్తి పాపడి, రథసప్తమికి మన ఇళ్లలో రథం చేసే చిక్కుడు, రెండూ ఒకే జాతి: లాబ్లాబ్ పర్పురియస్. గోరుచిక్కుడు మాత్రం పేరుకే చిక్కుడు. ఇక్కడ గువార్ అంటారు. కుటుంబం ఒకటే కానీ ప్రజాతి వేరు.

పేరు ఒకటైనంత మాత్రాన నమ్మకూడని మొక్క ఒకటుంది. హిందీలో బకాయన్, తెలుగులో తురకవేప. శాస్త్రీయ నామం మీలియా అజెడరాక్. ఇది వేప కుటుంబంలోదే, చూడ్డానికీ వేపలాగే ఉంటుంది, పార్కుల్లో నీడ కోసం పెంచుతారు. కానీ దాని కాయలు విషం. చిన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆడుకుంటూ నోట్లో పెట్టుకోకుండా చూడాలి. గుర్తు పట్టడం కష్టం కాదు. వేప ఆకులో ఈనె ఒకటే. తురకవేప ఆకులో ఈనె మళ్లీ కొమ్మలుగా చీలి, వాటి మీద పత్రకాలు ఉంటాయి. వేప పువ్వు తెలుపు, దీని పువ్వు లేత ఊదా.

ఇంకొక మాట. కరివేప జన్యువులను పరిశీలించిన శాస్త్రవేత్తలు దాన్ని మళ్లీ లిన్నేయస్ 1771లో పెట్టిన బెర్గెరా కోనిగీ పేరుకే మార్చారు. చాలా పుస్తకాల్లో ఇంకా ముర్రయా అనే ఉంది. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఉన్న పేరే రాయండి.