బోర్డు మొరాయిస్తే భారమెవరిది?

వారంటీ ఉన్నా తప్పని ప్రదక్షిణలు
తీరంలో ఉప్పుగాలి, వోల్టేజీ హెచ్చుతగ్గులతో అదనపు ముప్పు

పలాస, టెక్కలి: మీట నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది. తెర మీద మాత్రం ఏమీ కనిపించదు. కంప్యూటరు వాడేవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే అనుభవమిది. పలాస జీడిపప్పు పరిశ్రమల లెక్కల గదుల్లోనైనా, టెక్కలి జిరాక్స్ దుకాణాల్లోనైనా, సోంపేట, కవిటి ప్రాంతాల ఆన్‌లైన్ సేవా కేంద్రాల్లోనైనా కంప్యూటరు ఆగిందంటే ఆ రోజు సంపాదన ఆగినట్లే. లోపం మదర్‌బోర్డులో ఉంటే కష్టం మరింత పెరుగుతుంది. వారంటీ ఉంది కదా అని ధీమాగా వెళ్లినవారికి కూడా ‘తుప్పు పట్టింది, వర్తించదు’ అన్న సమాధానం ఎదురుకావచ్చు.

తప్పు ఎప్పుడూ వాడకందారుదేనా?

మదర్‌బోర్డు కంప్యూటరుకు వెన్నెముక వంటిది. ప్రాసెసర్, మెమరీ, హార్డ్ డిస్క్ అన్నీ దాని మీదుగానే పనిచేస్తాయి. బోర్డుపై ఉండే కెపాసిటర్లు విద్యుత్తును క్షణకాలం నిల్వచేసి, ఒడుదొడుకులు లేకుండా అందిస్తాయి. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో నాసిరకం ద్రావణంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచంలోని అనేక సంస్థల బోర్డుల్లోకి చేరాయి. వాటి పైభాగం ఉబ్బి, ద్రవం కారి, బోర్డులు అకాలంగా మూలపడ్డాయి. ఈ బెడద కారణంగా డెల్ సంస్థ 2005లో 30 కోట్ల డాలర్ల భారాన్ని తన లెక్కల్లో చూపవలసి వచ్చింది. 2011 జనవరి 31న ఇంటెల్ సంస్థ తన 6 సిరీస్ చిప్‌సెట్‌లో లోపం ఉందని స్వయంగా ప్రకటించింది. బోర్డుల మరమ్మతుకు, మార్పిడికి 70 కోట్ల డాలర్లు ఖర్చు కాగలదని అంచనా వేసింది. బోర్డు పాడైతే వాడినవారిదే తప్పని ముందుగానే తేల్చడం సరికాదని ఈ ఉదంతాలు చెబుతున్నాయి.

తీరంలో రెండు శత్రువులు

అయితే ఉద్దానం తీరంలో కొన్ని కారణాలు స్థానికమైనవి. మొదటిది ఉప్పుగాలి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో సముద్రం నుంచి వచ్చే గాలిలోని ఉప్పు కణాలు దుమ్ముతో కలిసి బోర్డుపై పొరగా పేరుకుంటాయి. ఆ పొర తేమను పీల్చుకుంటుంది. సన్నని రాగి గీతలు పచ్చబారి, చివరకు తెగిపోతాయి. రెండోది విద్యుత్తు. సరఫరా పోయి తిరిగి వచ్చే క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే ఎస్ఎంపీఎస్, దానితో పాటు బోర్డు దెబ్బతినవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి, అనేక గ్రామాలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. అటువంటి వేళల్లో వోల్టేజీ నిలకడలేని జనరేటరుపై కంప్యూటరు నడపడం ప్రమాదకరం.

చిక్కు ఎక్కడ?

మదర్‌బోర్డులకు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. అది తయారీ లోపాలకే పరిమితం. తుప్పు, కాలిన గుర్తులు, ప్రాసెసర్ అమర్చే చోట వంగిన సూదులు, చిరిగిన సీరియల్ నంబరు చీటీ కనిపిస్తే సంస్థలు తిరస్కరిస్తాయి. విడిభాగాలు కూర్చి ఇచ్చే అసెంబుల్డ్ కంప్యూటర్లలో ఒక్కో భాగానికి ఒక్కో సంస్థ వారంటీ ఇస్తుంది.

టెక్కలిలో ఒక యువకుడు జిరాక్స్ దుకాణం కోసం కంప్యూటరు కొన్నాడనుకుందాం. రెండో ఏట బోర్డు ఆగింది. తొందరలో తెలిసిన మెకానిక్‌తో విప్పించాడు. తరువాత విశాఖపట్నంలోని సర్వీసు కేంద్రానికి తీసుకువెళితే ‘బయట విప్పారు’ అన్నారు. బిల్లు లేదు కనుక తయారీ తేదీ నుంచే గడువు లెక్కించారు. బోర్డు లోపం నిజమే అయినా నిరూపించే ఆధారం చేతిలో లేకుండా పోయింది.

కొన్ననాడే జాగ్రత్త

వారంటీ నిలవాలంటే కొన్న రోజునే జాగ్రత్త పడాలి. బిల్లుపై బోర్డు మోడల్, సీరియల్ నంబరు రాయించుకోవాలి. బోర్డును, దానిపై ఉన్న చీటీని ఫొటో తీసి ఉంచుకోవాలి. పెట్టె పారవేయరాదు. లోపం తలెత్తితే విప్పకముందే డీలరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. సర్వీసు కేంద్రంలో ఇచ్చేటప్పుడు బోర్డు స్థితిని జాబ్ షీట్‌లో నమోదు చేయించాలి. తిరస్కరిస్తే కారణాన్ని రాసి ఇమ్మని కోరాలి. సమాచారానికి వారంటీ ఉండదు కాబట్టి లెక్కలు, పత్రాల నకలు వేరుగా భద్రపరచుకోవాలి. సరైన ఎర్తింగ్, యూపీఎస్ తప్పనిసరి. పిడుగులు పడే వేళ ప్లగ్గు తీసివేయాలి. కంప్యూటరును సముద్రపు గాలి నేరుగా తగిలే కిటికీకి దూరంగా ఉంచాలి.

చట్టం అండ

వినియోగదారుల రక్షణ చట్టం-2019, 2020 జులై నుంచి అమల్లోకి వచ్చింది. బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. వస్తువును ఏ ఊరిలో కొన్నా, కొనుగోలుదారు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అంటే పలాస వాసి విశాఖపట్నంలో కొన్నా శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా దాఖలు చేయాలి. పరీక్షిస్తే తప్ప లోపం తేలని వస్తువును కమిషన్ ప్రయోగశాలకు పంపించగలదు. ‘తుప్పు’ అన్న కంపెనీ మాటే తుది తీర్పు కానక్కరలేదు.

ఒక మెలిక ఉంది. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్న వస్తువులు సాధారణంగా ఈ చట్టం పరిధిలోకి రావు. కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకునేందుకు కొన్నవారు వినియోగదారులే. జిరాక్స్ దుకాణం సొంతంగా నడుపుకునే యువకుడికి ఈ రక్షణ లభిస్తుంది. పెద్ద పరిశ్రమకు లభించడం కష్టం.

కమిషన్‌కు వెళ్లేముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. చాలా వివాదాలు ఆ దశలోనే పరిష్కారమయ్యే అవకాశం ఉంది. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది బిల్లునే. బిల్లు వద్దంటే కొద్దిగా ధర తగ్గిస్తామన్న దుకాణదారు మాటకు తలూపితే, ఆదా అయిన ఆ కొద్ది మొత్తానికి బోర్డు మొత్తం ఖరీదును మూల్యంగా చెల్లించవలసి రావచ్చు.