ఉద్దానం ప్రాంతంలో ‘రౌతు’ ఇంటిపేరు - వ్యుత్పత్తి, చరిత్ర

పలాస నుంచి నౌపడా వెళ్లే రైలుమార్గంలో పూండి దాటిన తరువాత రౌతుపురం అనే చిన్న హాల్టు వస్తుంది. ఆ ఊరి పేరులోని ‘రౌతు’ ఉత్తరాంధ్రలో ఇంటిపేరుగానూ వినిపిస్తుంది. తెలుగువారికి రౌతు అంటే ఆశ్వికుడు; రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందన్న సామెత అందరికీ తెలిసినదే. ఒడియాలో ‘రావుత’ ఒక బిరుదు, ఇంటిపేరు కూడా. కనుక ఈ పేరు తెలుగుదా, ఒడియాదా అన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. నిజానికి ఆ రెండింటికీ మూలం ఒక్కటే.

సంస్కృత ‘రాజపుత్ర’ శబ్దం ప్రాకృతంలో ‘రాఉత్త’ అయింది. పదమధ్యంలోని జకార, పకారాలు లోపించాయి. ‘త్ర’ ద్విత్వ తకారంగా మారింది. దాని నుంచే తెలుగు రాహుత్తు, రౌతు, ఒడియా రావుత, మరాఠీ రావుత్, హిందీ రావత్, తమిళ రావుత్తర్ వచ్చాయి. రాజు కొడుకును చెప్పిన మాట క్రమంగా గుర్రపు దళంలోని యోధుడికీ, అటుపై కొలువులో గౌరవస్థానం గలవాడికీ చెల్లింది. 1434లో కపిలేంద్రుడితో మొదలైన గజపతుల పాలనలో ఇటువంటి కొలువు బిరుదులు రెండు భాషల ప్రజల్లోనూ వ్యాపించడానికి ఈ తీరం అనువైన చోటు. 1936లో ఒడిశా ఏర్పడేవరకు పలాస, టెక్కలి ప్రాంతాలు గంజాం జిల్లాలోనివే.

రౌతుపురం నుంచి వచ్చినందువల్ల ఆ ఇంటిపేరు ఏర్పడిందనడం కూడా పొసగదు. ఊరిపేర్లు ఇంటిపేర్లయినప్పుడు సాధారణంగా ఔపవిభక్తిక రూపం పొందుతాయి: ఏలూరు ‘ఏలూరి’ అవుతుంది, పాడు ‘పాటి’ అవుతుంది. ఆ లెక్కన ఇక్కడ ‘రౌతుపురపు’ అని ఉండాలి. విడిగా నిలిచిన ‘రౌతు’ ఊరిని కాక హోదాను చెబుతోంది.

ఈ వ్యుత్పత్తిని చూపి క్షత్రియ వంశాన్ని ప్రతిపాదించే ధోరణిని మాత్రం పరిశోధకులు అంగీకరించరాదు. తమిళనాట రావుత్తర్లు ముస్లింలు. ఛత్తీస్‌గఢ్‌లో రావుతులు పశుపాలకులు. ఒడిశాలో ఈ పేరు అనేక కులాల్లో ఉంది. బిరుదు కొలువును అనుసరించింది, రక్తాన్ని కాదు.

మాటను ఒక్క అర్థంతో బిగిస్తే ఏమవుతుందో ఐర్లండులో చూడవచ్చు. గేలిక్ ఇంటిపేరు ‘మాకన్ టీర్’కు వడ్రంగి కొడుకు అని అర్థం. అందులోని ‘సీర్’ శబ్దానికి స్వతంత్రుడనే అర్థమూ ఉండటంతో, కొన్ని కుటుంబాలకు ఇంగ్లీషులో ‘ఫ్రీమన్’ అన్న పేరు స్థిరపడి, వడ్రంగి కనుమరుగయ్యాడు.