గట్టు మీద నీడ పోవాలంటే

చాలా అపార్ట్‌మెంట్లలో వంటగదికి ఒక్కటే ట్యూబ్‌లైటు. అది కప్పు మధ్యలోనో, గట్టుకు ఎదుటి గోడ మీదో ఉంటుంది. గట్టు దగ్గర నిలబడి కూరలు తరిగే మనిషికి ఆ వెలుగు వీపు వెనక నుంచి వస్తుంది కాబట్టి తల, భుజాల నీడ సరిగ్గా కత్తి ఆడే చోటే పడుతుంది. పప్పులో రాళ్లు ఏరేదీ అక్కడే. పెద్ద ట్యూబు పెట్టినా నీడ చోటు మారదు. దీపం చోటే మారాలి.

అందుకు అనువైన తావు పై కప్‌బోర్డుల అడుగుభాగం. గట్టుకు సుమారు రెండడుగుల ఎత్తులో ఉండే ఆ చోట ఎల్‌ఈడీ స్ట్రిప్ అమరిస్తే తల అడ్డు రాదు. పైగా పొడవాటి దీపానికి దగ్గరలో, దూరం సగమైతే వెలుగు దాదాపు రెట్టింపవుతుంది. అందుకే మీటరుకు 10 వాట్ల లోపు స్ట్రిప్‌తోనే పనిచేసే చోటికి కావలసిన 300 నుంచి 500 లక్స్‌ల వెలుగు వచ్చేస్తుంది. చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ వెలుగు పడితే అది ఒక లక్స్.

స్ట్రిప్‌ను గోడ వైపు అంటిస్తే టైల్సే మెరుస్తాయి, తరిగే పలక మసకగానే ఉంటుంది. కప్‌బోర్డు ముందు అంచుకు దగ్గరగా, కాస్త లోపలికి వాల్చి పెట్టడమే మేలు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే నల్ల గ్రానైటుతో ఒక చిక్కుంది. నున్నటి ఆ రాయిలో ఎల్‌ఈడీ చుక్కలన్నీ ప్రతిఫలించి కళ్లలో గుచ్చుకుంటాయి. పాలరంగు మూత ఉన్న అల్యూమినియం చానెల్‌లో స్ట్రిప్‌ను అమరిస్తే చుక్కలు కలిసిపోయి ఒకే వెలుగు గీతగా కనిపిస్తాయి. ఆ అల్యూమినియం వేడిని కూడా లాగేస్తుంది. వేడెక్కిన కొద్దీ ఎల్‌ఈడీ వెలుగు తగ్గుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది కనుక చానెల్‌కు పెట్టే ఖర్చు వృథా కాదు.

స్ట్రిప్ మీద కొంత కొంత దూరంలో కత్తెర గుర్తులుంటాయి. ఒక్కో తెల్ల ఎల్‌ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి. 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలను వరుసగా కలిపి, మిగిలిన వోల్టేజీని రెసిస్టరుకు వదులుతారు. అందుకే సాధారణంగా మూడింటికొక గుర్తు. మరోచోట కత్తిరిస్తే కోత పడిన ఆ వరుస వెలగదు.

స్ట్రిప్ పొడవు పెరిగితే సన్నటి రాగి పట్టీలో వోల్టేజీ తగ్గి చివరి భాగం మసకబారుతుంది. 24 వోల్టులదైతే అంతే వెలుగుకు కరెంటు సగం చాలు, పట్టీలో నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. గట్టు మూడు మీటర్లు దాటితే 24 వోల్టులదే కొనాలి. మీటరుకు 10 వాట్ల లెక్కన మూడు మీటర్లకు 30 వాట్లు. ఇంటి కరెంటును స్ట్రిప్‌కు తగ్గ వోల్టేజీకి దించే డ్రైవరు మాత్రం 40 వాట్లది ఉండాలి, నిండు భారం మీద గంటల తరబడి పనిచేయించకూడదు. డ్రైవరు లేకుండా నేరుగా 230 వోల్టులకు తగిలించే చౌక రోప్ లైట్లు తడి చేతులు తిరిగే వంటగదికి వద్దే వద్దు. పైగా వాటిలో చాలావరకు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి.

అందరూ వాట్లు చూస్తారు, రంగు సంగతి మరిచిపోతారు. 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న అకసాకి, అమానో, నకమురాల కృషితో సాధ్యమైన నీలి ఎల్‌ఈడీయే నేటి తెల్ల దీపాలకు మూలం. నీలి కాంతిలో కొంత భాగాన్ని ఫాస్ఫర్ పూత పసుపుగా మారుస్తుంది. రెండూ కలిస్తే కంటికి తెల్లగా అనిపిస్తుంది. చౌక రకాల్లో ఎరుపు పాలు తక్కువ. దాంతో కారం, టమాటాలు, మాంసం పాలిపోయినట్టు కనిపిస్తాయి, పోపు ఎర్రబడిందో మాడిందో పోల్చుకోవడం కష్టమవుతుంది. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె సీఆర్‌ఐ. ప్యాకెట్ మీద అది 90కి తగ్గకుండా చూసుకోవాలి. తెల్లదనం విషయంలో మన ఇళ్లకు అలవాటైన 6500 కెల్విన్ కన్నా 4000 కెల్విన్ వంటకు హాయి.

బిగించేటప్పుడు పొయ్యికి సరిగ్గా పైన ఖాళీ వదిలేయాలి. ఆవిరికీ నూనె జిడ్డుకూ అంటుపట్టీ ఊడిపోతుంది, చానెల్‌ను స్క్రూలతో బిగించాలి. సింకు దగ్గర నీటి తుంపరలను తట్టుకునే ఐపీ 65 రకం మంచిది. డ్రైవరును గాలి ఆడే పక్క అరలో పెట్టాలి. 230 వోల్టుల వైపు పని ఎలక్ట్రీషియన్‌దే, అదీ మెయిన్ ఆపాకే. కొత్త ఇల్లయితే టైల్స్ అతికించకముందే కప్‌బోర్డుల కింద ఒక పాయింటు వదలమని అతనికి చెప్పాలి. అద్దె ఇంట్లో గోడ తవ్వే వీలుండదు కాబట్టి అయస్కాంతంతో అంటుకునే చార్జింగ్ దీపాలు పనికొస్తాయి. వాటిని వారం పదిరోజులకోసారి తీసి చార్జింగ్ పెట్టుకోవాలి.