ఆషాఢపు ఆకులు, యోహాను పండుగ మూలికలు: బల్కంపేట పరిసరాల సంఘాలకు ఒక కాపరి పరిశీలన

ఉపోద్ఘాతం

అమీర్‌పేట, పంజాగుట్ట, బల్కంపేట ప్రాంతాల్లో సంఘసేవ చేసే కాపరులకు ఏటా జూన్, జూలై నెలల్లో కొన్ని ప్రశ్నలు తప్పవు. విశ్వాసియైన స్త్రీ ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవచ్చా? బిడ్డకు ఆటలమ్మ వస్తే మంచం పక్కన వేపమండ ఉంచవచ్చా? పొరుగింటివారు ప్రేమతో ఇచ్చిన బోనాల ప్రసాదాన్ని ఏం చేయాలి? కొన్ని సంఘాలు వీటన్నిటినీ ఒకే గాటన కట్టి నిషేధిస్తాయి. అతిక్రమించినవారిని ప్రభురాత్రి భోజనానికి దూరంగా ఉంచుతాయి. మరికొన్ని సంఘాలు అసలు నోరు విప్పవు. మొదటి పద్ధతిలో భయం మరుగున పడుతుంది. రెండవ పద్ధతిలో భయం అలాగే నిలిచిపోతుంది. ఇటువంటి ప్రశ్నలనే ఐరోపా, ఆఫ్రికా సంఘాలు కూడా ఎదుర్కొన్నాయి. వారి అనుభవాన్ని మన ఆషాఢం పక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఎండకాలం నడిమి, వానకాలం మొదలు

జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు ఉత్తరపు కొసకు చేరి దక్షిణానికి మళ్ళుతాడు. ఉత్తరార్ధ గోళంలో అదే అతి దీర్ఘమైన పగలు. స్వీడను రాజధాని స్టాక్‌హోములో ఆ రోజు పగలు సుమారు పద్దెనిమిదిన్నర గంటలు. హైదరాబాదులో అది 13 గంటలకు కొంచెం ఎక్కువ మాత్రమే. చలిదేశాల్లో వెలుగు హెచ్చుతగ్గులే జీవితాన్ని శాసిస్తాయి గనుక అక్కడి పండుగ సూర్యుని చుట్టూ ఏర్పడింది. మనకు ఎండ మే నెలలోనే ముదిరిపోతుంది. జూన్ నడిమికి మృగశిర దాటి, తొలకరి పడి, దోమలూ జ్వరాలూ మొదలవుతాయి. బల్కంపేటకు దగ్గరలోనే ఉన్న బేగంపేటలో 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. కాబట్టి మన ఆషాఢపు ఆచారాలకు నేపథ్యం వెలుగు కాదు, వాన, వ్యాధి.

పంచాంగంలో దక్షిణాయనం జూలై 16 లేక 17న, కర్కాటక సంక్రాంతితో ఆరంభమవుతుంది. నిజమైన అయనానికీ దీనికీ సుమారు 25 రోజుల తేడా. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవటమే ఇందుకు కారణం. సుమారు 1,700 ఏళ్ళ క్రితం ఈ రెండూ ఒకేసారి వచ్చేవి. ఆషాఢ మాసం చాంద్రమానం గనుక ఏటా అటూ ఇటూ జరుగుతుంది. 2023లో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం జూన్ 20న, అంటే అయనానికి ముందురోజే జరిగింది. 2024లో అది జూలై 9న వచ్చింది.

2. బల్కంపేటలో ఆకు చేసే పని

ఎల్లమ్మ కల్యాణం ఆషాఢంలోని మొదటి మంగళవారం జరుగుతుంది. మరునాడు రథోత్సవం. గుడిలో మూలవిగ్రహం నేలమట్టానికి దిగువన, బావిలో, శయనించిన రూపంలో ఉంటుంది. ఆ బావి నీటినే భక్తులు తీర్థంగా తీసుకుంటారు. బోనంలో అన్నం, పెరుగు, బెల్లం ఉంటాయి. కుండకు పసుపు కుంకుమలు, వేపరెమ్మలు, పైన దీపం. పసుపూ వేపాకూ కలిపిన నీటిని సాకగా పోస్తారు. పోతురాజు ఒంటికి పసుపు, నడుముకు వేపమండలు.

బోనాలకు చెప్పుకునే చరిత్ర కూడా వ్యాధితోనే ముడిపడి ఉంది. 1813లో ఇక్కడ మహమ్మారి చెలరేగినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనికులు మొక్కుకున్నారనీ, తిరిగివచ్చి 1815లో సికింద్రాబాదులో మహంకాళిని ప్రతిష్ఠించారనీ అంటారు. మశూచిని మన భాష "అమ్మవారు" అనే పిలిచింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి అంతరించిందని ప్రకటించింది. వ్యాధి పోయింది, పేరు మాత్రం ఆటలమ్మకు మిగిలింది. విశ్వాసుల ఇళ్ళల్లో సైతం "తల్లి పోసింది" అనే మాట వినబడుతుంది.

గోరింటాకు సంగతి కొంత వేరు. ఆషాఢంలో చేతులకు గోరింటాకు పెట్టుకోవటం ఏ ఒక్క గుడికీ చెందిన మొక్కు కాదు, ఇంటింటి ఆడవారి వేడుక. వానకు లేతగా చిగిర్చిన ఆకు ఎర్రగా పండుతుంది.

3. యోహాను పేరు పెట్టుకున్న మూలికలు

లూకా 1:36 ప్రకారం గబ్రియేలు మరియతో మాట్లాడిన సమయానికి ఎలీసబెతుకు ఆరవ మాసం. కాబట్టి డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని ఆచరించిన పశ్చిమ సంఘం జూన్ 24న బాప్తిస్మమిచ్చు యోహాను జననాన్ని ఆచరించింది. క్రీ.శ. 506లో అగ్దె సభ పేర్కొన్న ముఖ్య పండుగల్లో ఇదొకటి. యోహాను జననం తర్వాత పగలు తగ్గుతుంది, క్రీస్తు జననం తర్వాత పెరుగుతుంది. యోహాను 3:30లోని మాటకు ఆకాశమే సాక్ష్యమన్నట్లు అగస్టీను బోధించాడు.

అయితే అంతకు ముందునుండి ఉన్న నెగళ్ళు, మూలికలు ఆ పండుగలో చేరాయి. హైపెరికం అనే పసుపు పూల మొక్కను "యోహాను మూలిక" అన్నారు. దాని మొగ్గను నలిపితే ఎర్రని రసం వస్తుంది, అది యోహాను రక్తమన్నారు. గుమ్మాలకు కట్టారు. వినాయక చవితి పత్రిలో మనకు తెలిసిన మాచిపత్రిని అక్కడ నడుముకు కట్టుకుని, తర్వాత నెగడులో వేసేవారు. మత్తయి 3:4లోని తోలుదట్టిని తలచుకుని దానికి "యోహాను నడికట్టు" అని పేరు పెట్టారు. పేరు మారింది, గుమ్మానికి కట్టిన చెయ్యి మారలేదు. ఏడవ శతాబ్దంలో నోయాన్ అధ్యక్షుడు ఎలీజియస్ యోహాను పండుగనాటి అయనపు ఆటపాటలను, మెడలో కట్టే తాయెత్తులను గద్దించవలసి వచ్చిందంటే కారణం ఇదే. ఆకుకు పరిశుద్ధుని పేరు పెట్టినంత మాత్రాన భయం క్రైస్తవ విశ్వాసం కాదు.

4. హిప్పోలో అగస్టీను

ఈ విషయంలో మనకు ఎక్కువగా ఉపయోగపడేది అగస్టీను క్రిస్మసు ప్రసంగాల్లోని ఒక భాగం. యోహాను జనన దినాన కొందరు క్రైస్తవులు అన్యాచారం ప్రకారం సముద్రానికి వెళ్ళి స్నానాలు చేశారు. ఆ సమయంలో అగస్టీను ఊళ్ళో లేడు. స్థానిక పెద్దలు ఆ చేసినవారిలో కొందరిని శిక్షించారు. ప్రజలు సణిగారు. మాకు ముందే చెప్పి ఉంటే చేసేవాళ్ళం కాదు గదా అన్నారు. అప్పుడు అగస్టీను ఆరు నెలల ముందుగానే, క్రిస్మసు దినాన, రాబోయే యోహాను పండుగ గురించి హెచ్చరించాడు. ఆచారాన్ని ఆయన తేలికగా తీసుకోలేదు. పెద్దలను తప్పుపట్టలేదు. కాని ప్రజల సణుగుడులో ఉన్న న్యాయాన్ని గుర్తించి, శిక్షకు ముందు బోధను నిలబెట్టాడు.

5. లేఖనం: ఆకు, మొక్కు, భయం

ఈ మూడింటిని వేరు చేయటం అవసరం.

ఆకు దేవునిది. ఆదికాండము 1:29 విత్తనాలిచ్చే ప్రతి చెట్టునూ మనిషికి అప్పగించింది. హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద కట్టించినవాడు యెషయా ప్రవక్తే (యెషయా 38:21). గోరింట సైతం పరిశుద్ధ గ్రంథంలో ఉంది. పరమగీతము 1:14, 4:13 వచనాల్లోని హీబ్రూ మాట "కోఫెర్" గోరింట అని పండితుల అభిప్రాయం. మన పాత తెలుగు అనువాదంలో అది కర్పూరంగా కనిపించటం చేత, ఏన్గెదీ తోటల్లో గోరింట పూసేదన్న సంగతి మన పాఠకులకు తెలియకుండా పోయింది.

మొక్కు వేరు. దేవత కోపం చల్లారుటకు ఆకును అర్పించటం ఆరాధన. ఆ విషయంలో మొదటి కొరింథీయులకు 10:20-21 స్పష్టంగా ఉంది. పొరుగువారు ఇంటికి తెచ్చిన పళ్ళెం విషయంలో అదే అధ్యాయంలోని 25 నుండి 29 వచనాలు వివేచనను, ఎదుటివారి మనస్సాక్షి పట్ల జాగ్రత్తను కోరుతున్నాయి. ప్రసాదమని చెప్పి ఇచ్చినప్పుడు దండం పెట్టి, మర్యాదగా వద్దనటం పొరుగువారిని అవమానించటం కాదు.

నెల పేరు మాత్రం ఎవరినీ అపవిత్రపరచదు. యెరూషలేములో స్త్రీలు తమ్మూజు కొరకు ఏడ్వటాన్ని యెహెజ్కేలు హేయమన్నాడు (8:14). అయినా యూదులు తమ నాలుగవ నెలకు తమ్మూజు అన్న పేరే ఉంచుకున్నారు. మన ఆషాఢం వలె అదీ జూన్, జూలైలలో వచ్చే నాలుగవ నెల. ఆ నెలలో వారు ఉపవాసం ఆచరించారు (జెకర్యా 8:19).

ఇక మూడవది భయం. ప్రాణాపాయం ఇక్కడే ఉంది. అమ్మవారికి కోపం వస్తుందని ఆటలమ్మ వచ్చిన బిడ్డను ఆస్పత్రికి తీసుకువెళ్ళనివారు ఉన్నారు. అలాగే, కాపరి ఏమంటాడోనని వేపాకు సంగతి దాచి, జబ్బు ముదిరేవరకు ప్రార్థన సైతం కోరనివారు ఉన్నారు. ఒక భయం స్థానంలో మరొక భయాన్ని నిలిపితే సంఘం సువార్త ప్రకటించినట్లు కాదు.

6. సంఘాలకు సూచనలు

మొదటిది, బోధ ముందుగా జరగాలి. ఆషాఢం రాకముందే, మే నెలలోనే, స్త్రీల కూడికల్లో ఈ విషయాలు చర్చించాలి. రెండవది, గోరింటాకు చేతిని క్రమశిక్షణకు కారణం చేయరాదు. ఏమి మొక్కుకున్నారన్నది అడగవలసిన ప్రశ్న, చెయ్యి ఎంత ఎర్రగా ఉందన్నది కాదు. మూడవది, ఆటలమ్మ ఒక వైరసు వల్ల వచ్చే జబ్బని వేదిక మీదనుండే చెప్పాలి. వేపాకు పక్కన ఉన్నా లేకపోయినా చంటిపిల్లలు, గర్భిణులు, ఆయాసపడేవారు వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఆస్పిరిను ఇవ్వకూడదు. వేపనూనె చంటిపిల్లలకు తాగించటం వల్ల ప్రాణాపాయం కలిగిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. యోహాను మూలికకూ ఇదే వర్తిస్తుంది. తేలికపాటి మనోవ్యాకులతకు అది ఉపయోగపడుతుందని పరీక్షల్లో తేలింది. కాని రక్తం పలచబరిచే మందులు, హెచ్.ఐ.వి. మందులు మొదలైనవాటి శక్తిని అది తగ్గిస్తుంది. దేవుడిచ్చిన ఆకు అయినా తెలివితో వాడవలసిందే. నాలుగవది, వ్యాధి ఉన్న ఇంటికి సంఘ పెద్దలు ముందు వెళ్ళాలి. ఖాళీగా ఉన్న గుమ్మానికే మనుషులు ఏదో ఒకటి కడతారు.

ముగింపు

యోహాను తన పుట్టినరోజున తనవైపు చూడమనలేదు, క్రీస్తును చూపించాడు. మూలికలకు ఆయన పేరు పెట్టిన సంఘం ఆ సాక్ష్యాన్ని బోధించినచోట భయం తగ్గింది, బోధించనిచోట పేరు మాత్రమే మిగిలింది. బల్కంపేట వీధుల్లో డప్పులు మోగే ఆ వారంలో మన సంఘాల్లోని తల్లి తన బిడ్డ ఒంటిమీద పొక్కులు చూసి మొదట ఎవరిని పిలుస్తుందన్నదే మన బోధకు పరీక్ష. ఆమె నిర్భయంగా ప్రభువునూ, వైద్యుణ్ణీ, తన కాపరినీ పిలవగలిగితే, కిటికీ దగ్గర వేపరెమ్మ ఉన్నదా లేదా అన్నది చిన్న విషయం.