బాల్యంలో తగిలిన దెబ్బ... యౌవనంలో బైపోలార్ ముప్పు
ఉక్కునగరం నేర్పుతున్న పాఠం

జంషెడ్‌పూర్: అది 1989 మార్చి 3. జంషెడ్‌జీ టాటా 150వ జయంతి. ఉక్కు కర్మాగారం ఆవరణలో ఏర్పాటైన వ్యవస్థాపక దినోత్సవానికి ఉద్యోగుల భార్యాబిడ్డలు ముచ్చటపడి తరలివచ్చారు. ప్రముఖుల కోసం వేసిన పందిరి ఉన్నట్టుండి అంటుకుంది. 60 మంది మరణించారు. వారిలో 26 మంది పిల్లలు, 25 మంది స్త్రీలు. మరో 113 మంది గాయపడ్డారు.

నష్టపరిహారం వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పరిహారాన్ని మాజీ ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్ చేత లెక్క కట్టించిన న్యాయస్థానం, 2001 ఆగస్టులో తుది తీర్పు చెబుతూ పిల్లల విషయంలో ఆ మొత్తాలను పెంచింది. మరణించిన పిల్లల్లో 5 నుంచి 10 ఏళ్ల లోపు వారికి రెండేసి లక్షల రూపాయలు, 10 నుంచి 15 ఏళ్ల వారికి 4.10 లక్షల వంతున నిర్ణయించింది. కాలిన గాయాలకూ పరిహారం దక్కింది. అయితే తల్లినో తమ్ముడినో కళ్లెదుటే పోగొట్టుకుని బతికి బయటపడిన చిన్నారి మనసుకు అయిన గాయాన్ని రూపాయల్లో కొలవడం ఎవరి తరం? అటువంటి గాయం ఏళ్ల తర్వాత మనోవ్యాధిగా తలెత్తవచ్చునని, ముఖ్యంగా బైపోలార్ జబ్బుకు అది దోహదం చేయవచ్చునని గత మూడు దశాబ్దాల పరిశోధనలు సూచిస్తున్నాయి.

ఉద్రేకం, కుంగుబాటు

బైపోలార్ జబ్బును పూర్వం ‘మానిక్ డిప్రెషన్’ అనేవారు. కొన్నాళ్లు మితిమీరిన ఉద్రేకం, మరికొన్నాళ్లు తీవ్రమైన కుంగుబాటు దీని లక్షణాలు. ఉద్రేక దశలో మనిషికి నిద్ర అక్కర ఉండదు, మాటకు అడ్డు ఉండదు, డబ్బు మంచినీళ్లలా ఖర్చవుతుంది. కుంగుబాటు దశలో అదే మనిషి మంచం దిగడు, బతకడమే దండగ అనుకుంటాడు. నడుమ నెలల తరబడి మామూలుగా ఉండడంతో ఇంటివారు దీనిని జబ్బుగా గాక స్వభావదోషంగా భావించడం పరిపాటి. సాధారణంగా ఇది చదువు ముగిసి ఉద్యోగం వెతుక్కునే ప్రాయంలోనే బయటపడుతుంది.

2017 నాటికి దేశంలో సుమారు 76 లక్షల మంది ఈ జబ్బుతో బాధపడుతున్నట్లు అంచనా. జార్ఖండ్‌తో సహా 12 రాష్ట్రాల్లో 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం బైపోలార్ రోగుల్లో దాదాపు 70 శాతం మందికి చికిత్స అందడం లేదు. మానసిక వ్యాధుల మూలంగా 2012-2030 మధ్య భారతదేశానికి వాటిల్లే ఆర్థిక నష్టాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష కోట్ల డాలర్లకు పైగా లెక్కగట్టింది.

వంశం ఒక్కటే కాదు

ఈ జబ్బులో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువ. సామాన్య జనంలో నూటికి ఒకరికి వచ్చే ఈ వ్యాధి, రోగి రక్తసంబంధీకుల్లో నూటికి అయిదు నుంచి పది మందికి రావచ్చు. కాని ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం 40 నుంచి 70 శాతమే. జన్యువులన్నీ ఒకటే అయినా రెండోవారు తప్పించుకోగలుగుతున్నారంటే, మిగిలినది బతుకు పరిస్థితుల చేతిలో ఉన్నదని అర్థం.

ఆ పరిస్థితుల్లో బాల్యం ముఖ్యమైనది. బ్రిటన్ పరిశోధకులు 19 అధ్యయనాలను క్రోడీకరించి 2016లో ఫలితాలు ప్రకటించారు. చిన్ననాట హింస, నిరాదరణ, తల్లిదండ్రుల మరణం వంటి కష్టాలు అనుభవించామని చెప్పినవారు ఆరోగ్యవంతులలో కంటే బైపోలార్ రోగులలో 2.6 రెట్లు ఎక్కువ ఉన్నట్లు తేలింది. నిత్యం తిట్లు, ఈసడింపులు, అవమానాల వంటి మానసిక హింస విషయంలో ఈ తేడా నాలుగు రెట్లు. ఒంటిమీద వాత తేలని ఈ హింస అన్నింటికన్నా ముందు నిలవడం గమనార్హం. బాల్యంలో హింసకు గురైన రోగులలో జబ్బు చిన్న వయసులోనే మొదలవుతుందనీ, తరచు తిరగబెడుతుందనీ, ఆత్మహత్యాయత్నాలు ఎక్కువనీ ఇతర అధ్యయనాలు వెల్లడించాయి.

భయం కలిగినప్పుడు దేహంలో కార్టిసాల్ అనే హార్మోను ఊరుతుంది. అపాయం తొలగగానే అది తగ్గిపోవాలి. నిత్యం భయంతో బతికే పిల్లల్లో ఈ ఏర్పాటు గాడి తప్పి, ఎదుగుతున్న మెదడులో భావోద్వేగాలను అదుపు చేసే భాగాలపై ప్రభావం చూపుతుంది. పెద్దయ్యాక చిన్నపాటి ఒత్తిడికి కూడా ఆ మెదడు భగ్గుమంటుంది. మొదటిసారి జబ్బు రావడానికి పెద్ద కుదుపు అవసరమైనా, తర్వాత తర్వాత స్వల్ప కారణంతోనో, కారణం లేకుండానో తిరగబెడుతుందని అమెరికన్ వైద్యుడు రాబర్ట్ పోస్ట్ 1992లో ప్రతిపాదించారు. చితుకులు రాజుకున్నాక మంట తనంతట తానే పాకడం వంటిది ఇది.

అయితే ఒక హెచ్చరిక అవసరం. కష్టాల బాల్యం గడిపిన పిల్లల్లో అత్యధికులకు ఈ జబ్బు రాదు. ఏ కష్టమూ ఎరుగని ఇళ్లలోనూ ఇది వస్తుంది. కనుక రోగి తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడం అన్యాయం. పైగా ఈ అధ్యయనాలలో చాలావరకు రోగుల జ్ఞాపకాలపై ఆధారపడినవి. బాల్యపు గాయాన్ని ఏకైక కారణంగా కాక, ముప్పును పెంచే అంశంగానే పరిగణించాలి.

బస్తీ ఇంటిలోనూ అదే గాయం

జంషెడ్‌పూర్‌కు ఇటువంటి గాయాలు కొత్త కాదు. 1979 ఏప్రిల్‌లో శ్రీరామనవమి ఊరేగింపు సందర్భంగా చెలరేగిన మత కలహాలలో వందమందికి పైగా మరణించారు. అయితే పిల్లల మనసు విరగడానికి ఇంతటి ఘోరాలే జరగనక్కరలేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాలలో సర్వే జరిపి 2007లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు, సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురయ్యారు. తాగి వచ్చే తండ్రి, మార్కుల కోసం బెత్తం పట్టే గురువు, నోరు విప్పితే పరువు పోతుందనే బంధువులు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరలివచ్చి తరతరాలుగా ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గాని, అక్కడే ఉండిపోయిన వారి బంధువులకు గాని ఇందులో మినహాయింపు లేదు.

చేరువలోనే చికిత్స

చికిత్సకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. సుమారు 130 కిలోమీటర్ల దూరాన రాంచీ శివారు కాంకేలో 1918లో మొదలైన కేంద్ర మనోరోగ చికిత్సా సంస్థ ఉంది. ఉద్రేకాన్ని అదుపు చేసే లిథియం గుణాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో వెల్లడించారు. మూడేళ్లకే, 1952లో, ఆ మందును కాంకేలో వాడారు. నేటికీ బైపోలార్ చికిత్సలో లిథియంది ప్రముఖ స్థానమే. రక్తపరీక్షలు చేయించుకుంటూ వైద్యుల పర్యవేక్షణలోనే దానిని వాడాలి. రోగ చరిత్ర అడగకుండా కుంగుబాటు మాత్రలు మాత్రమే ఇస్తే కొందరిలో ఉద్రేకం ఎగదన్నే ప్రమాదం ఉంది. అందుకే బాల్యం గురించి, వంశంలోని జబ్బుల గురించి వైద్యుడికి దాచకుండా చెప్పడం అవసరం. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ-మానస్ సేవను 14416 నంబరుకు ఫోన్ చేసి ఉచితంగా పొందవచ్చు. పిల్లలపై హింస జరిగితే 1098కి తెలపాలి.

దేశంలో మరెక్కడా లేని రోజుల్లో, 1912లోనే, ఎనిమిది గంటల పనిదినం అమలైన కర్మాగారం ఇక్కడిది. 1915లో ఉచిత వైద్యం, 1917లో కార్మికుల పిల్లలకు బడి సౌకర్యం, 1920లో ప్రమాద పరిహారం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒకనాడు యజమాని దయ అనిపించినవి తర్వాత దేశమంతటా కార్మికుల హక్కులయ్యాయి. పిల్లల మనసుకు రక్షణ కూడా ఆ వరుసలో చేరవలసినదే. వంశపారంపర్యాన్ని మార్చడం ఎవరి చేతిలోనూ లేదు. ఇంటిలో పడే దెబ్బను ఆపడం, భయపడిన బిడ్డను దగ్గరకు తీసి అడగడం మాత్రం అందరి చేతిలోనూ ఉంది.