సోర్స్ ఫోల్డర్ బయట బిల్డ్

ఒక సీ ప్రాజెక్టును డౌన్‌లోడ్ చేసుకుని, ఆ ఫోల్డర్లోనే మేక్ కొడితే చాలాసార్లు పని అయిపోతుంది. అయ్యాక ఆ ఫోల్డర్ తెరిచి చూడండి. మనిషి రాసిన ఫైళ్ల పక్కనే కంపైలర్ పుట్టించిన ఆబ్జెక్ట్ ఫైళ్లు, వాటి మధ్య లాగ్‌లు, అప్పటికప్పుడు తయారైన మేక్‌ఫైళ్లు. ఏది చెరిపితే మళ్లీ వస్తుందో, ఏది చెరిపితే పోయినట్టేనో చూడగానే తెలీదు. గాదెలోనే వడ్లు దంచితే గింజా ఊకా కలిసిపోయినట్టే.

అందుకని బిల్డ్‌కి వేరే ఫోల్డర్ పెడతారు. సీమేక్ అయితే -ఎస్ పక్కన సోర్స్ ఎక్కడుందో, -బి పక్కన బిల్డ్ ఎక్కడ జరగాలో చెబుతాం. 2018లో వచ్చిన 3.13 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. ఆటోటూల్స్ ప్రాజెక్టయితే ఖాళీ ఫోల్డర్లోకి వెళ్లి, సోర్స్‌లో ఉన్న కాన్ఫిగర్ స్క్రిప్టును అక్కణ్నుంచే నడుపుతాం. లైనక్స్ కెర్నల్‌కి మేక్ పక్కన ఓ= అని ఫోల్డర్ పేరు ఇవ్వాలి. ఒకసారి ఇచ్చి ఊరుకుంటే కుదరదు, ఆ తర్వాత మేక్ కొట్టిన ప్రతిసారీ ఇవ్వాలి.

లాభం శుభ్రత ఒక్కటే కాదు. ఒకే సోర్స్ నుంచి డీబగ్ బిల్డ్ ఒకచోట, వేగంగా నడిచే రిలీజ్ బిల్డ్ ఇంకోచోట, ఆర్మ్ బోర్డు కోసం మూడోది మరోచోట ఉంచుకోవచ్చు. ఒక ఫైలు మారిస్తే మూడు చోట్లా దానికి సంబంధించినంత వరకే మళ్లీ కంపైల్ అవుతుంది. ఏదన్నా తేడా వస్తే ఆ బిల్డ్ ఫోల్డర్‌ని నిశ్చింతగా చెరిపేయొచ్చు.

చిక్కంతా ముందు సోర్స్‌లో బిల్డ్ చేసి, తర్వాత బయటికి మారినప్పుడు వస్తుంది. పాత బిల్డ్ తాలూకు సీమేక్ క్యాష్ ఫైలు సోర్స్‌లో మిగిలి ఉందనుకోండి. కొత్త ఫోల్డర్లో నిలబడి పాత అలవాటుగా సోర్స్ దారి ఒక్కటే ఇస్తే, సీమేక్ ఆ పాత బిల్డ్‌నే మళ్లీ అందుకుంటుంది. మీ కొత్త ఫోల్డర్ ఖాళీగానే ఉంటుంది! ఇంతకన్నా మోసకారి, బిల్డ్ సెట్టింగులు ఉండే కాన్ఫిగ్ హెడర్. సోర్స్‌లో దాన్ని కోట్స్ మధ్య ఇన్‌క్లూడ్ చేసి ఉంటే, కంపైలర్ ముందు ఆ ఇన్‌క్లూడ్ రాసిన ఫైలు ఉన్న ఫోల్డర్లోనే వెతుకుతుంది. అక్కడ పాత హెడర్ కనబడితే కొత్తదాని జోలికే పోదు; బిల్డ్ సాఫీగా పూర్తవుతుంది, లోపల మాత్రం పాత సెట్టింగులు. ఆటోకాన్ఫ్ మాన్యువల్ యాంగిల్ బ్రాకెట్లు వాడమనేది ఇందుకే. కెర్నల్ నయం, సోర్స్ శుభ్రంగా లేదు, ముందు ఎమ్మార్‌ప్రాపర్ కొట్టండి అని ఆగిపోతుంది.

కొన్ని ప్రాజెక్టులు అసలు తలుపే మూసేశాయి. జీలిబ్‌సీ, ఎల్‌ఎల్‌వీఎం సోర్స్ ఫోల్డర్లో బిల్డ్ చేయనివ్వవు. మెసన్ సాధనమైతే ఏ ప్రాజెక్టుకైనా అంతే. కొత్తవాళ్లకి ఇది చాదస్తంగా తోచవచ్చు గాని, నా ఓటు వాటికే.

మీ ప్రాజెక్టు సోర్స్‌ని ముట్టకుండా బిల్డ్ అవుతుందో లేదో తేల్చుకోవాలంటే సోర్స్ ఫోల్డర్‌ని రీడ్-ఓన్లీ చేసి బయట బిల్డ్ చేసి చూడండి. ఆటోమేక్‌లోని డిస్ట్‌చెక్ చేసే పరీక్షల్లో ఇదొకటి. ఏ స్క్రిప్టు దొంగచాటుగా సోర్స్‌లో రాస్తోందో ఎర్రర్ మెసేజీయే పేరుపెట్టి చెబుతుంది.